మీ జీపు నిజంగా యుద్ధకాలపు విల్లీసేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత జీపు కొన్నవాళ్ళు, కొనబోతున్నవాళ్ళు, తాతగారి కొట్టంలో తుప్పుపట్టిన బండి దొరికినవాళ్ళు నన్ను అడిగేవన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తాయి: ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపేనా, కాదా? పన్నెండేళ్ళ కిందట నేనూ ఇదే ప్రశ్న వేసుకోవాల్సింది. వేసుకోకుండా డబ్బు కట్టేశాను. ఆ సంగతి కింద ఒకచోట రాశాను. మీకు అలా జరగకూడదనే ఈ పేజీ.

అసలు "విల్లీస్ జీపు" అంటే ఏ బండి?

మన దగ్గర ఈ పేరు నాలుగు రకాల బళ్ళకు వాడతారు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

1940 జులైలో అమెరికా సైన్యం తేలికపాటి నాలుగు చక్రాల డ్రైవ్ బండి కావాలని 135 కంపెనీలను అడిగింది. గడువు చాలా తక్కువ. పెన్సిల్వేనియా రాష్ట్రం బట్లర్ ఊళ్ళోని అమెరికన్ బాంటమ్ అనే చిన్న కంపెనీ పగలూ రాత్రీ పనిచేసి, సెప్టెంబర్ 23న మొదటి నమూనా బండిని హోలాబర్డ్ సైనిక శిబిరానికి చేర్చింది. సైన్యం ఆ నమూనా వివరాలను విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ కూడా చూపించింది. చివరికి పెద్ద ఆర్డర్ విల్లీస్‌కే దక్కింది. దాని ఇంజిన్ బలమే అందుకు ముఖ్య కారణం. అలా వచ్చిన బండి విల్లీస్ ఎంబీ. 1941 నవంబర్ నుంచి 1945 వరకు ఒహాయోలోని టొలీడోలో దాదాపు 3,60,000 బళ్ళు తయారయ్యాయి.

ఒక్క విల్లీస్ ఫ్యాక్టరీ చాలదని, విల్లీస్ డ్రాయింగుల ప్రకారమే బళ్ళు తయారుచేసే పని ఫోర్డ్‌కు కూడా ఇచ్చారు. దాని పేరు జీపీడబ్ల్యూ. జీ అంటే ప్రభుత్వం కోసం చేసినది, పీ అంటే 80 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) ఉన్న బండికి ఫోర్డ్ వాడిన గుర్తు, డబ్ల్యూ అంటే విల్లీస్ డిజైన్. ఇవి దాదాపు 2,78,000. యుద్ధకాలపు జీపు అంటే ఈ రెండే అనుకోండి. బాంటమ్ బళ్ళు, వీటికంటే ముందొచ్చిన విల్లీస్ ఎంఏ, ఫోర్డ్ జీపీ బళ్ళు చాలా తక్కువ.

మూడోది, యుద్ధం అయ్యాక విల్లీస్ రైతుల కోసం, సామాన్య జనం కోసం చేసిన సీజే వరస: సీజే-2ఏ, సీజే-3ఏ, సీజే-3బీ. నాలుగోది మహీంద్రా మన దేశంలో బిగించి, తర్వాత పూర్తిగా ఇక్కడే తయారుచేసిన సీజే-3బీ, దాని వారసులు. మన ఊళ్ళలో కనిపించే "విల్లీస్"లలో చాలా ఎక్కువ ఈ నాలుగో రకానివే. ఇందులో తక్కువతనం ఏమీ లేదు. కాకపోతే దాన్ని 1942 మోడల్ అని అమ్మితే అది అబద్ధం.

మా జీపు బానెట్‌కు రెండు పక్కలా "విల్లీస్" అని ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఇంతకంటే రుజువేం కావాలి?

ఆ అక్షరాలే అది యుద్ధకాలపు బానెట్ కాదని చెప్పేస్తున్నాయి.

ఎంబీ బానెట్ పక్కన కంపెనీ పేరు ఎప్పుడూ లేదు. తొలి రోజుల్లో వెనుక వైపు రేకు మీద, ఎడమ పక్కన "విల్లీస్" అని ఉండేది. ఫోర్డ్ కూడా అక్కడే తన పేరు వేసుకునేది. సైనిక బళ్ళ మీద కంపెనీ ప్రచారం వద్దని సైన్యం అనడంతో 1942 మధ్యలో రెండూ ఆగిపోయాయి. బానెట్ పక్కన పేరు అచ్చొత్తడం యుద్ధం తర్వాతి సీజేలతో వచ్చిన అలవాటు.

నన్ను అడిగినవాళ్ళలో ఎక్కువమంది ఈ అక్షరాల దగ్గరే మోసపోయారు. మరీ బాధ ఏంటంటే, కొందరు నిజమైన ఎంబీ బానెట్‌ను తుక్కుకు వేసేసి, అక్షరాలున్న బానెట్ వెతికి తెచ్చి బిగించుకున్నారు.

లో బానెట్ అయితే పాతది, హై బానెట్ అయితే కొత్తది అంటారు. నిజమేనా?

సగం నిజం. ఎంబీ, జీపీడబ్ల్యూ, సీజే-2ఏ, సీజే-3ఏ అన్నీ లో బానెట్ బళ్ళే. వాటి ఇంజిన్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే పక్కన ఉంటాయి, అందుకని ఇంజిన్ ఎత్తు తక్కువ. 1953లో వచ్చిన సీజే-3బీకి హరికేన్ ఇంజిన్ పెట్టారు. అందులో ఇన్‌లెట్ వాల్వులు హెడ్ మీదకు వచ్చాయి, ఇంజిన్ ఎత్తు పెరిగింది, అందుకని బానెట్టూ, గ్రిల్లూ పైకి లేపారు. కాబట్టి కంపెనీ నుంచి వచ్చిన హై బానెట్ బాడీ యుద్ధకాలానిది కాదు. అంతవరకు నమ్మవచ్చు.

తిరగేసి చూస్తే మాత్రం కుదరదు. లో బానెట్ ఉన్నంత మాత్రాన అది 1940ల బండి కాదు. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపుల పనికి పేరుపడ్డ ఊరు. అక్కడా, ఇంకా చాలా చోట్లా లో బానెట్ బాడీలు కొత్త రేకుతో చేసి ఇస్తారు. ఫిలిప్పీన్స్‌లో ఎంబీ బాడీని అచ్చు దించి ప్రపంచమంతా అమ్ముతున్నారు. రేకు ఎవరైనా వంచగలరు. అందుకే బాడీని నేను ఆఖర్న చూస్తాను.

మరి మొదట ఏం చూడాలి?

కింద పడుకుని ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనప చట్రాన్ని చూడండి.

నా జీపు తీసుకెళ్ళినప్పుడు మా ఊరి పాత మెకానిక్ తాత చెప్పిన మాట ఇది: "బాబూ, బానెట్ చూసి మురిసిపోకు. గోనెసంచి పరుచుకుని కింద పడుకో. బండి కింద ఉంటుంది, పైనుండేది చొక్కా." ఆయన మా వైపు అడవి శాఖ జీపులు, కాంట్రాక్టర్ల జీపులు నలభై ఏళ్ళు బాగుచేసిన మనిషి. ఇంజిన్, గేర్‌బాక్స్, బాడీ, గ్రిల్, చక్రాలు ఒక్కరోజులో మార్చేయవచ్చు. ఛాసిస్ మారిస్తే మాత్రం అది వేరే బండి. బండి పుట్టుక ఛాసిస్‌దే.

గ్రిల్‌లో గీతలు లెక్కపెడితే చాలంటారు కదా?

ఎంబీ, జీపీడబ్ల్యూ గ్రిల్‌కు తొమ్మిది నిలువు చీలికలు, సీజేలకు ఏడు. ఇది సరైన లెక్కే. ఎంబీలో హెడ్‌లైట్లు చిన్నవి, గ్రిల్ వెనక్కి నక్కి ఉంటాయి. మరమీద తిప్పితే వెనక్కి తిరిగి ఇంజిన్ మీద వెలుగు పడుతుంది, రాత్రిపూట రిపేరు కోసం. సీజేలో లైట్లు పెద్దవి, గ్రిల్‌కే అతుక్కుని ఉంటాయి. తొలి ఎంబీలకైతే అచ్చొత్తిన రేకు గ్రిల్ కూడా లేదు, ఇనప పట్టీలు వెల్డింగ్ చేసి పెట్టేవారు. అలాంటివి దాదాపు 25,000 బళ్ళే వచ్చాయి. ఆ తర్వాత ఫోర్డ్ తయారుచేసిన అచ్చు గ్రిల్ తేలికగా, చవకగా ఉందని విల్లీస్ కూడా దాన్నే తీసుకుంది. ఇవాళ జీపు అనగానే మనసులో మెదిలే ఆ ముఖం, పేరు విల్లీస్‌దైనా, గీసింది ఫోర్డ్.

గ్రిల్ నాలుగు బోల్టుల పని కాబట్టి దీనితోనే తీర్పు చెప్పకండి.

గ్రిల్ కాకుండా బాడీలో ఇంకేం గుర్తులున్నాయి?

వెనుక చూడండి. యుద్ధకాలపు జీపుకు వెనుక తెరిచే తలుపు లేదు, రేకు ఏకంగా ఉంటుంది. స్టెప్నీ వెనుక కుడివైపు వేలాడుతుంది. సీజేలకు వెనుక తలుపు ఉంటుంది, అందుకని స్టెప్నీ పక్కకు జరిగింది.

పెట్రోల్ ఎక్కడ పోస్తున్నారో చూడండి. ఎంబీలో డ్రైవర్ సీటు కుషన్ ఎత్తితేగాని మూత కనపడదు. సీజేలో మూత బయట, బాడీ పక్కన ఉంటుంది. ముందు అద్దం రెండు పలకలుగా ఉంటే ఎంబీ కావచ్చు, సీజే-2ఏ కూడా కావచ్చు. ఒకే పలక అయితే సీజే-3ఏ గానీ ఆ తర్వాతది గానీ.

మా జీపు స్టీరింగ్ కుడివైపు ఉంది. యుద్ధకాలపుది అయ్యే అవకాశం ఉందా?

ఉంది. కానీ ఆనవాళ్ళు దొరకాలి. ఎంబీ, జీపీడబ్ల్యూ అన్నీ ఎడమ స్టీరింగ్‌తోనే పుట్టాయి, బ్రిటిష్ సైన్యానికి ఇచ్చినవి కూడా. మన దగ్గర తర్వాత చాలా బళ్ళకు స్టీరింగ్ కుడికి మార్పించారు. అలా మార్చినప్పుడు ఛాసిస్ ఎడమ పొడుగు బద్దీ మీద స్టీరింగ్ బాక్స్ బిగించిన పాత రంధ్రాలు మిగులుతాయి, లేదా వాటిని వెల్డింగ్‌తో పూడ్చిన మచ్చలు ఉంటాయి. డాష్‌బోర్డులో స్టీరింగ్ రాడ్ దిగిన చోట రేకు అతుకు కనిపిస్తుంది.

ఎడమవైపు ఏ ఆనవాలూ లేక, కుడివైపు బ్రాకెట్ కంపెనీ పనితనంతో శుభ్రంగా ఉంటే, ఎవరేం చెప్పినా అది యుద్ధకాలపు ఛాసిస్ కాదు. నా జీపు సంగతి తేలింది ఇక్కడే. అమ్మినాయన దాన్ని 1942 విల్లీస్ అన్నాడు. లో బానెట్, రంగు, అమెరికా సైన్యం తెల్ల నక్షత్రం, గొడ్డలి, పార, జెర్రీ క్యాన్ అన్నీ ఉన్నాయి. మూడు నెలలు రంగు గీకి, బాడీ విప్పాక చూస్తే ఎడమ బద్దీ నున్నగా ఉంది. ఒక్క పూడ్చిన రంధ్రం లేదు. ఆ రోజు సాయంత్రం షెడ్డులో చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాను. మెకానిక్ తాత టీ తెప్పించి, "బండి మంచిదే బాబూ, పేరే తప్పు చెప్పాడు" అన్నారు.

ఛాసిస్ నంబరు ఎక్కడుంటుంది? మాకు ఎంత వెతికినా దొరకలేదు.

విల్లీస్ ఎంబీకి నంబరు ఛాసిస్‌లో కొట్టి ఉండదు. ముందు బంపర్ వెనుక, ఎడమ బద్దీ లోపలి వైపు రివెట్లతో బిగించిన చిన్న రేకు బిళ్ళ మీద ఉంటుంది. ఎనభై ఏళ్ళలో ఆ బిళ్ళ ఊడిపోయి ఉండొచ్చు. అప్పుడు రెండు రివెట్ల రంధ్రాలైనా మిగిలాయేమో చూడండి. ఎంబీ నంబర్లు 100001తో మొదలై 4,60,000కు కాస్త లోపు ముగుస్తాయి. ఎవరైనా 87 వేల నంబరు చూపించి ఎంబీ అంటే అక్కడే ఆగండి.

ఫోర్డ్ జీపీడబ్ల్యూకి నంబరు నేరుగా ఇనుములో కొట్టి ఉంటుంది: ఎడమ బద్దీ పైముఖం మీద, ఇంజిన్ మౌంటు దగ్గరలో. దాని మీద ఎనభై ఏళ్ళ ఆయిలు, మట్టి, ఐదారు పూతల రంగు ఉంటాయి. అందుకే దొరకదు.

ఇక్కడ ఓపిక కావాలి. గ్రైండర్ పెట్టకండి. వైర్ బ్రష్ చక్రం కూడా వద్దు. లోతు తక్కువ అక్షరాలు ఒక్క నిమిషంలో పోతాయి, మళ్ళీ రావు. ముందు కిరోసిన్‌తో జిడ్డు కడగండి. తర్వాత పెయింట్ రిమూవర్ రాసి, చెక్క ముక్కతో గానీ ప్లాస్టిక్ ముక్కతో గానీ మెల్లగా గీకండి. ఆరాక సన్న ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్దండి. చీకటి పడ్డాక ఫోన్ లైటును పక్కనుంచి వాలుగా వేస్తే పగలు కనపడని అంకెలు నీడలతో లేస్తాయి. సుద్ద పొడి అద్ది తుడిచినా పనిచేస్తుంది. కనబడగానే ఫోటో తీసి, గ్రీజు పూసేయండి. లేకపోతే వర్షాకాలానికి తుప్పు పట్టేస్తుంది.

నంబరు దొరికితే దాని చుట్టూ ఉన్న ఇనుమునూ చూడండి. నంబరున్న చోట మాత్రమే ఇనుము పల్లంగా, నున్నగా ఉండి పక్కన గుంతలు గుంతలుగా ఉంటే, పాత నంబరు చెరిపి కొత్తది కొట్టారని అనుమానించాలి. అంకెల ఎత్తులు తేడాగా ఉన్నా, ఈ మధ్య దొరికే పంచ్ సెట్టు అక్షరాల్లా పదునుగా ఉన్నా అదే అనుమానం.

యుద్ధకాలపు ఛాసిస్ అని తేలింది. విల్లీసా, ఫోర్డా ఎలా చెప్పాలి?

రేడియేటర్ కింద, బంపర్ వెనుక, రెండు బద్దీలను కలిపే అడ్డ కమ్మీని చూడండి. గుండ్రటి పైపు అయితే విల్లీస్ ఎంబీ. బోర్లించిన యూ ఆకారం అయితే ఫోర్డ్ జీపీడబ్ల్యూ. చేతితో తడిమి కూడా చెప్పొచ్చు. నాకు తెలిసిన గుర్తుల్లో ఇదే గట్టిది.

ఒక జాగ్రత్త. ఈ పరీక్ష యుద్ధకాలపు ఛాసిస్ అని ముందే తేలాక చేయాల్సినది. యూ కమ్మీ కనిపించగానే ఫోర్డ్ అని ఎగిరి గంతెయ్యకండి. నంబరు చోటు, స్టీరింగ్ ఆనవాలు దానికి తోడు పలకాలి.

బోల్టు తలల మీద "ఎఫ్" అక్షరం ఉంది. ఫోర్డ్ అన్నట్టేనా?

ఆ బోల్టు ఫోర్డ్‌ది. బండి సంగతి వేరు.

ఫోర్డ్ తన బోల్టుల మీద, బ్రాకెట్ల మీద, చాలా విడిభాగాల మీద తనదైన వంకీ రాత ఎఫ్ అచ్చు వేసేది. వెతకడం మొదలుపెడితే ఆపలేం, నేను ఒక ఆదివారమంతా అలా గడిపాను. అయితే ఈ రెండు బళ్ళను విడిభాగాలు ఒకదానికొకటి సరిపడేలా చేయాలన్నది సైన్యం పెట్టిన షరతు. కాబట్టి యుద్ధరంగంలోనే విల్లీస్‌కు ఫోర్డ్ ముక్కలు, ఫోర్డ్‌కు విల్లీస్ ముక్కలు పడ్డాయి. సైనిక వర్క్‌షాపుల్లో పది బళ్ళు విప్పి పది బళ్ళు కట్టేవారు, ఎవరి భాగం ఎవరికి వెళ్ళిందో పట్టించుకునే అవసరం లేదు. 1944 మొదట్లో అయితే రెండు కంపెనీలకూ ఒకే రకం బాడీ రావడం మొదలైంది, అమెరికన్ సెంట్రల్ అనే సంస్థ చేసి ఇచ్చేది. అంటే ఆ తర్వాతి బండి బాడీ చూసి విల్లీసో ఫోర్డో చెప్పడం కుదరదు.

ఎఫ్ అక్షరాలు గుత్తులు గుత్తులుగా, ఎప్పుడూ విప్పని చోట్ల కూడా కనిపిస్తే అది మంచి సాక్ష్యం. రెండో మూడో కనిపిస్తే ఏమీ కాదు.

ఇంజిన్ నంబరు బట్టి మోడల్ తెలుస్తుందా?

ఇంజిన్ ఏ బండిదో తెలుస్తుంది. నంబరు బ్లాకు కుడివైపు ముందు భాగంలో ఉంటుంది. ముందున్న అక్షరాలే ముఖ్యం: ఎంబీ అంటే విల్లీస్ యుద్ధకాలపుది, జీపీడబ్ల్యూ అంటే ఫోర్డ్‌ది, ఒట్టి జే అంటే సీజే-2ఏ, 3జే అంటే సీజే-3ఏ, 4జే అంటే సీజే-3బీ, ఎంసీ అంటే 1950ల నాటి సైనిక ఎం38.

ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఒకటే. ఇవాళ రెండూ కలిసిన జీపీడబ్ల్యూ దొరికితే అది గొప్ప సంగతి. విల్లీస్‌లో ఈ రెండు నంబర్లు మొదటినుంచీ వేర్వేరు. కాబట్టి "నంబర్లు కలవట్లేదు, బండిలో ఏదో తేడా ఉంది" అని ఎంబీ యజమానులు టెన్షన్ పడక్కర్లేదు.

నంబరు చెరిగిపోతే ఇంజిన్ పైభాగం చూడండి. హెడ్ బల్లపరుపుగా ఉండి, దాని మీద నాలుగు స్పార్క్ ప్లగ్గులు నిలువుగా నిలబడి ఉంటే అది పాత గో డెవిల్ ఇంజిన్: 2,199 సీసీ, 60 హార్స్‌పవర్. పైన రాకర్ కవర్ ఉంటే హరికేన్. డీజిల్ ఇంజిన్ ఉంటే ఎప్పుడో ఎవరో మార్చారన్నమాట. మన రాష్ట్రాల్లో పెట్రోల్ భరించలేక ఎన్ని మంచి గో డెవిల్ ఇంజిన్లను పాత ఇనుము కొట్టుకు వేశారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అలా మార్చినవాళ్ళను తప్పుపట్టను, వాళ్ళకు అది పొలం బండి.

గేర్‌బాక్స్, హౌసింగ్ (ఇరుసు గేర్లుండే పెట్టె) చూసి ఏమైనా చెప్పగలమా?

చెప్పగలం. ఇది అమ్మేవాళ్ళు చాలామందికి తెలియని పరీక్ష, అందుకే నాకు ఇష్టం. వెనుక చక్రాలు ఒక చుట్టు తిరగాలంటే, గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేది క్రౌన్ పినియన్ నిష్పత్తి. ఎంబీ, జీపీడబ్ల్యూలకు అది 4.88. యుద్ధం తర్వాతి సీజేలకు ఎక్కువగా 5.38.

బండిని చదును నేల మీద నిలిపి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, ముందు డ్రైవ్ తీసేసి ఉంచండి. ఒక్క వెనుక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి, కింద స్టాండు పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వదలండి, ఎందుకంటే ఈ జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ చక్రాల మీద కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదే పనిచేస్తుంది. రాళ్ళు మర్చిపోతే బండి దొర్లుతుంది, జాగ్రత్త. షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి (రెండో చక్రం కదలదు కాబట్టి ఒక చుట్టు చాలదు). ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాలి. ఐదు చుట్లకు కాస్త తక్కువ వస్తే 4.88. ఐదు దాటి ఇంకా మూడో వంతుకు పైగా తిరిగితే 5.38.

గేర్‌బాక్స్ కూడా మారింది. యుద్ధకాలంలో టీ-84, తర్వాత అంతకంటే దృఢమైన టీ-90. బలమైనది కదా అని టీ-90 వేయించుకున్న ఎంబీలు బోలెడు ఉన్నాయి, కాబట్టి గేర్‌బాక్స్ సాక్ష్యం బలహీనం.

"1942లో విశాఖ మీద జపాన్ బాంబులు వేసినప్పుడు ఇక్కడ తిరిగిన జీపు ఇది" అని అమ్ముతున్నారు. నమ్మొచ్చా?

ఈ మాట నాకూ చెప్పారు. విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు పడ్డది 1942 ఏప్రిల్ 6న. ఎంబీ తయారీ మొదలై అప్పటికి ఐదు నెలలు. అమెరికాలో అంతకుముందే తయారై, ఓడెక్కి, సముద్రాలు దాటి రావాలంటే, అది పట్టీల గ్రిల్ కాలపు బండి అయ్యుండాలి, వెనుక రేకు మీద కంపెనీ పేరు కూడా ఉండాలి. నాకు చూపించిన బండికి అచ్చు గ్రిల్ ఉంది, వెనుక పేరు లేదు. పోనీ ముక్కలు మార్చారనుకున్నా, ఛాసిస్ నంబరు కూడా తొలి వరసలోది కావాలి కదా.

మన దేశంలోకి ఈ జీపులు ఎక్కువగా వచ్చింది బర్మా, చైనా యుద్ధరంగాల కోసం. యుద్ధం ముగిశాక అవి డిస్పోజల్స్‌లో (సైన్యం మిగులు సామాను అమ్మకాల్లో) అమ్ముడుపోయి ఎస్టేట్లకు, కాంట్రాక్టర్లకు, జమీందార్లకు చేరాయి. మీ ఇంట్లో బండి గురించి అలాంటి కథ ఉంటే, ఎవరు ఎప్పుడు ఎక్కడ కొన్నారో పెద్దవాళ్ళను అడిగి ఇవాళే రాసి పెట్టుకోండి. వేలం రసీదో, పాత పెళ్ళి ఫోటోలో వెనుక నిలబడ్డ జీపో దొరికితే అది డాష్‌బోర్డు బిళ్ళ కంటే విలువైన సాక్ష్యం.

డాష్‌బోర్డు మీద ఇత్తడి రంగు బిళ్ళ ఉంది, దాని మీద 1943 అని, నంబరు అని ఉన్నాయి. అది చాలదా?

కొత్త బిళ్ళలు అంగట్లో దొరుకుతాయి, మీరు చెప్పిన నంబరు కొట్టి ఇస్తారు. బిళ్ళ మీద నంబరు ఛాసిస్ మీదదానితో కలిస్తేనే లెక్కలోకి తీసుకోండి. బానెట్ మీద తెల్లగా రాసిన అంకెలు అసలు ఛాసిస్ నంబరు కాదు, అవి అమెరికా సైన్యం ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు. జీపులకు 20తో మొదలయ్యేది. తెల్ల నక్షత్రం గురించి చెప్పేదేం లేదు, స్టెన్సిల్ ఉంటే ఐదు నిమిషాల పని.

మా బండి మన సైన్యం వేలంలో కొన్నది. మరి యుద్ధకాలపుదే కదా?

మన సైన్యం సీజే-3బీలను దశాబ్దాల పాటు వాడింది. కాబట్టి సైన్యం నుంచి వచ్చినదంటే రెండో ప్రపంచ యుద్ధానిది అని అర్థం కాదు. పాత సైనిక నంబరు ఆనవాలు దొరికితే పైకి చూసే బాణం గుర్తు పక్కనున్న రెండు అంకెలు చూడండి, అవి సైన్యం ఆ బండిని తీసుకున్న సంవత్సరాన్ని చెబుతాయి.

ఇంకో మాట. మన సైన్యపు జీపుకు తనదైన చరిత్ర ఉంది. 1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర అబ్దుల్ హమీద్ పాకిస్తాన్ ట్యాంకులను ఛేదించింది జీపు మీద బిగించిన 106 ఎంఎం రీకాయిల్‌లెస్ గన్‌తోనే. ఆయన అక్కడే ప్రాణాలొదిలారు, పరమవీర చక్ర ఇచ్చారు. మన సైన్యంలో పనిచేసిన జీపుకు అమెరికా నక్షత్రం వేయడం నాకు అస్సలు నచ్చదు.

పెద్దగా, ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో ఉన్న సైనిక బండి దొరికింది. అదీ విల్లీసేనా?

అది బహుశా జోంగా. నిస్సాన్ ప్యాట్రోల్ అనే బండి డిజైన్ మీద జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో చేసేవారు. విల్లీస్‌తో సంబంధం లేదు.

విదేశంలో ఉంటున్నాం. యూరప్‌లో "యుద్ధకాలపు జీపు" మంచి ధరకు వస్తోంది, కొనమంటారా?

ముందు అది హాచ్‌కిస్ కాదని తేల్చుకోండి. ఫ్రాన్స్‌లో హాచ్‌కిస్ కంపెనీ విల్లీస్ లైసెన్సుతో 1960ల వరకు ఎం201 అనే జీపు చేసింది. తొమ్మిది చీలికల గ్రిల్, లో బానెట్, ఎడమ స్టీరింగ్: చూపుకు ఎంబీయే. దాని కరెంటు 24 వోల్టులు, ఎంబీది 6 వోల్టులు. ఇదొక్కటే తేడా కాదు, కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న. వోల్టులు మార్చేస్తారు కాబట్టి నంబరు బిళ్ళ ఫోటో తెప్పించుకోండి. హాచ్‌కిస్ మంచి బండి, హాచ్‌కిస్ ధరకు కొనండి.

ఆర్సీలో "విల్లీస్, 1958" అని ఉంది. 1958 నమ్మాలా?

ఆర్సీలో ఉన్నది చాలాసార్లు బండి పుట్టిన సంవత్సరం కాదు, వేలంలో కొన్నాక మొదటిసారి రిజిస్టర్ చేయించిన సంవత్సరం. అటు 1944 జీపీడబ్ల్యూ 1958గా ఉండొచ్చు, ఇటు 1970ల మహీంద్రాను ఎవరో 1947గా రాయించి ఉండొచ్చు. ఆర్సీలో చూడాల్సింది ఛాసిస్ నంబరు. అది ఇనుము మీద ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే బండి ఎంత అందంగా ఉన్నా అడ్వాన్సు ఇవ్వకండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఇదంతా అవసరమా?

అవసరమే. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన టూవీలర్లు, కార్ల లాంటి బళ్ళను "వీఏ" అక్షరాలున్న ప్రత్యేక సిరీస్‌లో నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరణకు 5,000. షరతు ఏంటంటే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయంగా మార్చి ఉండకూడదు. రోజూ తిరగడానికి, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోల్ కోసం, రిపేరు కోసం రోడ్డెక్కవచ్చు. మీ సీజే-3బీని ఎంబీలా కనిపించాలని కోసి మార్పించారంటే, ఆ "అసలు రూపం" షరతు దగ్గర మీకు మీరే అడ్డుకట్ట వేసుకున్నట్టు.

అన్నీ చూశాక మా బండి కలగాపులగం అని తేలింది. ఛాసిస్ ఫోర్డ్, ఇంజిన్ సీజే-3ఏ, బాడీ ఇక్కడ చేయించినది. ఇప్పుడేం చేయాలి?

ఛాసిస్ ఫోర్డ్ అయితే మీ బండి జీపీడబ్ల్యూ. మిగతావి వెతుక్కుంటూ పోవచ్చు, తొందరేం లేదు. ఇక్కడ చేయించిన బాడీని కూడా వెంటనే పారేయకండి. దాన్ని ఏ ఊరి టింకరింగ్ మేస్త్రి, ఏ సంవత్సరంలో చేశాడో తెలిస్తే రాసి పెట్టండి. ఛాసిస్ సీజే-3బీ అయితే దాన్ని మంచి సీజే-3బీగా నిలబెట్టండి. అవీ తగ్గిపోతున్నాయి.

నా జీపుకు ఆ లో బానెట్ తీసేసి, నిడదవోలు దగ్గర ఒక రైస్‌మిల్లు వెనుక దొరికిన అసలు హై బానెట్, గ్రిల్ బిగించాను. ఏడు చీలికలు. నక్షత్రం చెరిపేశాను. ప్రదర్శనకు తీసుకెళ్ళినప్పుడు అద్దం మీద పెట్టే అట్ట మీద ఇలా రాసి ఉంటుంది: "మహీంద్రా సీజే-3బీ. హరికేన్ ఇంజిన్, 4జే. బానెట్, గ్రిల్ వేరే బండివి. రంగు కొత్తది."

మొదటి వరస చదివి కొందరు పక్కనున్న ఎంబీ దగ్గరకు వెళ్ళిపోతారు. చివరి వరస దాకా చదివినవాళ్ళు మాత్రం వంగి కిందకు చూడటం మొదలుపెడతారు. వాళ్ళ కోసమే బండిలో ఒక గోనెసంచి ఉంచుతాను.